తాయారమ్మ ముందే చెప్పేస్తుంది

తాయారమ్మకు ఒకే ఒక్క జబ్బు. చూసిన సినిమా కథ కడుపులో దాచుకోలేదు. కథంటే పైపై కథ కాదండోయ్. ఎవరు ఎవర్ని చేసుకుంటారు, ఎవరు పోతారు, ఎవరు పోయినట్టే పోయి చివర్లో కట్టుకట్టుకుని లేచొస్తారు అన్నదంతా. మనం టికెట్టు కొనుక్కునేదే ఆ సంగతి కోసం కదా, దాన్ని ఆవిడ వీధిలో ఉచితంగా పంచిపెట్టేస్తుంది.

శుక్రవారం కొత్త సినిమా పడిందంటే పొద్దుటి ఆటకే వెళ్తుంది. సాయంత్రానికి ముత్తియాల్‌పేటలో అళగేశన్ టీకొట్టు పక్కనున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసేస్తుంది. ఆ బోర్డు అళగేశన్ ఒకప్పుడు బజ్జీల కోసం పెట్టుకున్నది. ఇప్పుడక్కడ బజ్జీల మాటే లేదు. "పెండ్లి అవుతుంది. మామ మంచోడే. కుక్క చావదు. లారీ వస్తుంది, ఎవురికీ ఏమీ కాదు." ఇదీ వరస. మామ సంగతి సరే, కుక్క గురించీ లారీ గురించీ ఎవరడిగారు? అడిగితే ఆవిడ వినిపించుకునే రకం కాదు.

రాసేది తెలుగే. కాని అక్షరాలు అరవం, అంటే తమిళం. ఆ వీధిలో తరతరాలుగా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది అరవం. అందుకని అందరికీ అదే వీలు.

పైన మేడగదిలో అద్దెకుండే ఫణిధర్‌కి మాత్రం ఆ అక్షరాలు రావు. యానాం నుంచి బదిలీ మీద వచ్చినవాడు. వచ్చిన కొత్తలో, ఊరంతా మునిగినా నేను మునగనులే అని సంబరపడ్డాడు. ఆ సంబరం మొదటి శుక్రవారంతోనే తీరిపోయింది.

"అయ్యో పాపం, సారుకు మా అక్షరాలు రావు కదా!" అని తాయారమ్మ బోర్డు దగ్గర నిలబెట్టి మరీ చదివి వినిపించింది.

"వద్దండీ బాబూ! రేపు వెళ్తున్నామండీ మేము!"

"పోండి సారూ, నేనేమైనా వద్దంటినా? ఆ పిల్ల చావదని తెలుసుకోని పోతే నిమ్మళంగా చూడొచ్చు."

"నిమ్మళంగా చూడ్డానిక్కాదండీ సినిమాకెళ్ళేది!"

ఆవిడకది బొత్తిగా అర్థం కాలేదు. అప్పట్నుంచీ ఫణిధర్ పాలప్యాకెట్టు కోసం మెట్లు దిగినా హెల్మెట్ పెట్టుకునే దిగేవాడు. అదీ అక్కరకు రాలేదు. తాయారమ్మ వేలి కణుపుతో హెల్మెట్ మీద టకటకా కొట్టి, అద్దం పైకెత్తి, "తండ్రి సొంత తండ్రి కాదు సారూ," అని మళ్ళీ దింపేసి వెళ్ళిపోయేది.

"ఇల్లు మారిపోదాం హేమా," అన్నాడొకరోజు భార్యతో.

"ఇంత చవగ్గా ఇల్లు దొరకదు. సినిమాలు మానెయ్యండి," అంది హేమశ్రీ.

ఇలా ఉండగా అరవవాళ్ళ పెరటాసి నెల, పెరుమాళ్ళ నెల వచ్చింది. ఎండ కాస్త మెత్తబడింది, సాయంత్రాలు సముద్రం మీదుగా మబ్బులు ముసురుతున్నాయి. ఆ నెల్లోనే ఫణిధర్ ట్రైలర్ వచ్చిన నాటినుంచి కలవరిస్తున్న తెలుగు సినిమా ఒకటి ఈ ఊళ్ళో పడింది. ఈ ఊళ్ళో తెలుగు సినిమా పడడమే ఒక పండగ. శనివారం మ్యాట్నీకి హేమశ్రీకీ తనకూ టికెట్లు తీసేసుకున్నాడు. ఈ ఒక్క సినిమా కథైనా వినకుండా చూడాలి దేవుడా అని పెరుమాళ్ళకు మొక్కుకున్నాడు కూడా.

శుక్రవారం సాయంత్రం బోర్డు నిండింది. ఫణిధర్ హెల్మెట్‌తో గోడవారగా జారుకున్నాడు. కాని మర్నాడు చీకటితోనే అతగాడికో ఉపాయం తట్టింది. ఆ రోజు వైత్తికుప్పం తీరం శుభ్రం చేసే కార్యక్రమం ఉంది. ముత్తియాల్‌పేట నుంచి జనాన్ని పోగుచేసే పని ఆఫీసులో ఇతనికే అప్పజెప్పారు. జనాన్ని పిలవాలంటే ఎక్కడో ఒకచోట రాయాలి కదా, ఎక్కడ రాయాలి? తెల్లారకముందే టీకొట్టుకి వెళ్ళి, తడిగుడ్డ తీసుకుని బోర్డంతా తుడిచేశాడు.

"అయ్యయ్యో సారూ, తాయారక్క అరుస్తాది!" అన్నాడు అళగేశన్.

"ఊరి పనండీ. ఊరి పని ముందా, సినిమా ముందా?"

ఊరి పనే, కాదనలేం. కాని ఆ తడిగుడ్డని బకెట్లో జాడిస్తుంటే ఫణిధర్‌కి కలిగిన ఆనందం మాత్రం ఊరికి సంబంధించింది కాదు. తర్వాత తన గుండ్రటి దస్తూరీతో, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాల్లో, "సముద్రతీరం శుభ్రం చేద్దాం, అందరూ రండి" అని రాశాడు.

బోర్డు చూసి ఒక్కరూ రాలేదు. ఎలా వస్తారు? వచ్చినవాళ్ళు వచ్చినట్టు బోర్డు ముందు నిలబడి, "ఏందిది, జాంగ్రీలు చుట్టినట్టు ఉండాది," అనుకుని టీ తాగి వెళ్ళిపోయారు.

ముత్తియాల్‌పేట నుంచి తీరానికి వచ్చింది తాయారమ్మ ఒక్కర్తే. హేమశ్రీ రాత్రే నోటితో చెప్పింది కాబట్టి, తెల్లవారుతూనే మోపెడ్ మీద దిగింది. తెగిన వలలూ, ఒంటి చెప్పులూ, ప్లాస్టిక్ కవర్లూ సంచిలో వేస్తూ నోరు తెరవబోయింది. ఫణిధర్ అప్పటికే హెల్మెట్‌లో ఉన్నాడు. వేరే పేటల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు అతన్ని చూసి కొంచెం దూరంగా జరిగారు.

"ఇసకలో యాక్సిడెంట్ అవుతుందా సారూ?" అంది టకటకా కొట్టి.

"ఎండండీ!"

"యాడుంది ఎండ?"

పని అయ్యాక ఆవిడ అతన్ని వదల్లేదు. "మిక్సీ రిపేరుకిచ్చినా, నటేశన్ నగర్‌లో. బండి మీద పట్టుకోను మనిషి కావల్ల, రా," అంది. ఆవిడ అలా అన్నాక రానన్న మగాడు ముత్తియాల్‌పేటలో ఇంకా పుట్టలేదు. మిక్సీ తీసుకున్నారు, పెరుమాళ్ళకు తులసిమాల కొన్నారు, గుళ్ళో ఇచ్చారు, అక్కడే పులిహోర తిన్నారు. గుళ్ళో ఆవిడ సినిమా మాటెత్తదు. దారంతా ఫణిధర్ మిక్సీని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, హెల్మెట్ బిగించుకుని, ఇంకాసేపట్లో సినిమా చూడబోతున్నానని లోపల్లోపల మురిసిపోతూ కూర్చున్నాడు. హేమశ్రీ నేరుగా థియేటర్‌కి వచ్చేస్తానంది.

మ్యాట్నీ వేళకి కాస్త ముందు మోపెడ్ టీకొట్టు దగ్గర ఆగింది. తాయారమ్మ బోర్డు చూసింది.

"ఎవురు తుడిచినారు?"

అళగేశన్ టీగ్లాసుతో ఫణిధర్‌ని చూపించాడు.

ఫణిధర్ తిట్లకు సిద్ధపడి తల వంచాడు. తిట్లు రాలేదు. ఆవిడ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "మంగళం యాడ?"

"మ్యాట్నీకి పోయింది కదక్కా, ఇప్పుడే, ఆటోలో. బోర్డు చూసి పోదామని నిలబడింది. జాంగ్రీలు చూసి నవ్వుకోని పోయింది."

తాయారమ్మ బల్ల మీద కూలబడింది. మరుక్షణం లేచింది. "ఎక్కు సారూ. సీక్రం."

మంగళం అంటే తాయారమ్మ పక్కింటావిడ. మెత్తటి మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. ఆమె సినిమాకెళ్తే ఇంత కంగారెందుకో ఫణిధర్‌కి తెలియలేదు. మోపెడ్ సందులు దాటుతుంటే తాయారమ్మ గాలిలోకి అరుస్తూ చెప్పుకొచ్చింది.

"దాని మొగుడు మేట్టుపాళయంలో సామాను వ్యాన్ తోలేవాడు సారూ. లారీ కొట్టేసింది, పోయినాడు. ఆ యేడే సినిమాలో లారీ వస్తే ఇది కెవ్వుమని అరిచి సీట్ల మధ్యలో పడిపోయింది. చుట్టూ ఉండేవాళ్ళు నవ్వినారు. ఎవుడో దరిద్రుడు ఫోన్లో వీడియో తీసి అందరికీ పంపించినాడు. ఊరంతా చూసింది సారూ! ఇంగ అది సినిమా గడప తొక్కలే. నేను కథ ముందే చెప్పేది మొదలుపెట్టినాకే మళ్ళీ పోతా ఉంది. దానికి ఉండే సంతోషమే సినిమా ఒకటి."

"మరి మీరు ఆవిడకే చెప్పొచ్చు కదండీ?"

"ఒప్పుకుంటుందా? మానం గలది. నా మీద జాలి పడొద్దంటుంది. అందుకే వీధికంతా చెప్తా. అందరికీ చెప్తే దాని చెవినా పడుతుంది. దానికోసమని ఎవురికీ తెలీదు, దానికే తెలీదు."

"మరి కుక్క చావదని ఎందుకండీ?"

"లారీ ఒకటే రాస్తే కనుక్కోదా? అంత మాత్రం తెలీదా నీకు!"

ఇన్నాళ్ళూ ఈవిడ ఎన్ని తిట్లు తింది అనుకున్నాడు ఫణిధర్. ఆవిడ రాతల్ని చూసి వీధంతా నవ్వితే తనూ నవ్వాడే! సిగ్గుతో కళ్ళు చెమర్చాయి. హెల్మెట్ ఉండబట్టి సరిపోయింది.

థియేటర్ దగ్గర హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతోంది. లోపల ఆట మొదలైపోయింది. టికెట్టు ఉన్నది ఫణిధర్‌కే.

"ఇందులో లారీ ఉందాండీ?"

"ఉంది. ఇంటర్వెల్ అయినాక, పాట ముగుస్తూనే." తాయారమ్మ అతని ముఖంలోకి చూసింది. మొట్టమొదటిసారి అడిగింది. "చెప్పనా సారూ?"

ఫణిధర్ హెల్మెట్ తీసేశాడు. "మొత్తం చెప్పండి."

కలవరించిన సినిమా అంతా గేటు దగ్గర నిలబడి విన్నాడు. ఒక్క మెలిక మిగల్లేదు. "సరేనండీ, మంగళంగారి చెవిలో చెప్తాను," అన్నాడు.

"చెవిలో చెప్తే చెడింది పో! ఆ పక్కంతా వినాల. పనీ జోలీ లేనోడు వాగినట్టు వాగాల."

మిక్సీ ఆవిడకిచ్చి లోపలికి పరుగెత్తాడు. చీకట్లో మంగళం ఎక్కడుందో కనబడలేదు. హేమశ్రీ పక్కన కూర్చుని తెర మీదికి చూడకుండా తలల్ని వెతుకుతూ సగం సినిమా గడిపాడు. ఇంటర్వెల్‌కి దీపాలు వెలిగాయి. మంగళం సరిగ్గా ముందు వరసలోనే, మురుకుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఫణిధర్ లేచి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా మాట్లాడి ఎరగడు.

"హేమా! ఇప్పుడు లారీ వస్తుంది తెలుసా! స్కూటర్ నుజ్జయిపోతుంది, ఆ చెల్లెలికి మాత్రం ఏం కాదు! చేతికి కట్టు, అంతే! ఆఖరికి బావనే చేసుకుంటుంది!"

"మీకేమైనా మతిపోయిందా!" హేమశ్రీ చొక్కా పట్టి లాగింది.

"ఓ సార్, మూస్కోని కూచో!" అన్నారెవరో. "బయటికి తొయ్యండయ్యా వీణ్ణి!" అన్నారింకెవరో. మంగళం ఇంకా అటే తిరిగి కూర్చుంది, విన్నదో లేదో. ఫణిధర్ ఇంకొంచెం గొంతు పెంచాడు. "కుక్కక్కూడా ఏం కాదు!"

ఆ సినిమాలో కుక్కే లేదు.

అప్పుడు మంగళం వెనక్కి తిరిగింది. "ఏంది సారూ, నువ్వూ తాయారు మాదిరే అయిపోతివే! మీ ఇద్దరితో సినిమా చూసేదెట్లా?" అని విసుక్కుని తిరిగిపోయింది.

దీపాలు ఆరాయి. పాట వచ్చింది, ముగిసింది. మలుపులోంచి లారీ దూసుకొచ్చింది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఫణిధర్ మంగళం తలనే చూస్తున్నాడు. ఆమె చెయ్యి కుర్చీ పిడిని గట్టిగా పట్టుకుంది. "ఏం కాదు, ఏం కాదు," అని తనలో తను అనుకోవడం వినిపించింది. స్కూటర్ నుజ్జయింది. ఆస్పత్రి మంచం మీద చేతి కట్టుతో చెల్లెలు కళ్ళు తెరిచింది. మంగళం పిడి వదిలి, మురుకుల పొట్లం విప్పింది. ఫణిధర్‌కి గుండె నిండిపోయింది. అదే సమయానికి వెనకనుంచి ఎవరో విసిరిన పాప్‌కార్న్ వచ్చి నెత్తిన పడింది.

ఆట వదిలాక హేమశ్రీ అతని కోసం ఆగకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. గేటు దగ్గర తాయారమ్మ మిక్సీని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి నిలబడింది.

"లారీ వచ్చినప్పుడు?"

"మురుకులు తిందండీ."

ఆవిడ కొంగుతో మొహమంతా తుడుచుకుంది, చెమట పట్టినట్టు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"నిన్ను తిట్టినారా?"

"తిట్టారండీ."

"ఏమని?"

ఫణిధర్ సిగ్గుపడుతూ చెప్పాడు.

"అంతేనా?" తాయారమ్మ పెదవి విరిచింది. "నన్నయితే ఇంకా జాస్తి తిడతారు సారూ. ఇంకొంచెం గట్టిగా చెప్పాల నువ్వు."