ఏటి కాదు, ఏమిటి

భారతీదేవి గారు ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఒకే మాటను కొన్ని వేల సార్లు దిద్దారు. పిల్లలు "ఏటి" అనేవారు, ఆమె "ఏమిటి" అనేవారు. "సెప్పండి" అంటే "చెప్పండి", "ఎల్తాను" అంటే "వెళతాను". ఈ దిద్దుబాటు ఎక్కడ మొదలైందో ఆమె, ఇళ్లలో మాట్లాడే భాషల మీద సర్వే చేస్తున్న నాకు, భంజనగర్‌లో చెప్పారు. ఎక్కడ ముగిసిందో ఆమె పనిచేసిన ఊళ్లో పొరుగింటి కాసులమ్మ చెప్పింది. రెండింటినీ జరిగిన వరుసలో రాస్తున్నాను.

ఆమె పుట్టింది ఒడిశాలోని బరంపురంలో. తండ్రి రామచంద్రరావు గారికి పెద్దబజారులో పప్పుల టోకు దుకాణం ఉండేది. కొట్లో రోజంతా ఒడియా మాట్లాడే ఆ మనిషి, ఇంటి గడప దాటగానే అచ్చులో ఉన్నట్టే తెలుగు మాట్లాడాలనేవారు. పిల్లల చేత పత్రికలు పైకి చదివించేవారు. ఒక్క అక్షరం జారినా, అది సరయ్యేదాకా అన్నం వడ్డించనిచ్చేవారు కాదు. "అప్పుడు కోపం వచ్చేది. తరవాత ఆయన వల్లే మాకు తెలుగు మిగిలిందనుకున్నాను," అన్నారామె.

1988లో గిరిసోల దగ్గరి ఒక ఊరి బడిలో, తెలుగు విభాగంలో చేరారు. ఆ ఊరి పేరు రాయను. రోజూ బరంపురం నుంచి ప్యాసింజరు రైల్లో దిగి, పొలంగట్ల మీద నడిచి వెళ్లేవారు. 2020 మార్చి నాటికి ఆమె దగ్గర పందొమ్మిది మంది పిల్లలున్నారు. పదిమందికి తగ్గితే విభాగం ఎత్తేస్తారు. ఆమె ఉద్యోగానికి భయం లేదు, ఎక్కడికో ఒకచోటికి బదిలీ చేస్తారు. ఆమె భయమంతా ఆ విభాగం గురించే.

ఆ నెలలో బడి మూసేశారు. రైళ్లు ఆగిపోయాయి. ఫోన్లలో వచ్చే పాఠాలన్నీ ఒడియాలో ఉన్నాయి. ఏడాదంతా పిల్లలు ఒడియా పాఠాలే వింటే, బడి తెరిచాక తన గదికి ఎవరూ రారని ఆమె లెక్కవేసుకున్నారు. యాభై ఆరేళ్ల వయసులో, చక్కెర జబ్బుతో, జూన్ నెలలో ఒక సరుకుల వ్యాను పట్టుకుని ఊరికి వచ్చి, కాసులమ్మ ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో దిగారు.

కాసులమ్మ కూరగాయలు అమ్ముకునే మనిషి. కొడుకు కొండబాబు సూరత్ మగ్గాల పని ఆగిపోయి తిరిగొచ్చాడు. వాడూ ఒకప్పుడు భారతీదేవి గారి శిష్యుడే. ఇప్పుడు వాడి కూతురు చిట్టి మూడో తరగతి.

ఆ ఏడాది ఆమె చేసిన పనిని మెచ్చుకోకుండా ఉండలేం. ఇళ్ల గోడల మీద బొగ్గుతో పాఠాలు రాశారు. ఒక గోడ మీద ప్రశ్న, నాలుగిళ్ల అవతల గోడ మీద జవాబు. బిస్కెట్ల అట్టపెట్టెలు కోసి అక్షరాల ముక్కలు చేశారు. ఫోనులో గొంతు రికార్డు చేయడం కొండబాబు దగ్గర నేర్చుకున్నారు. ఆమె పాఠాలు విని కాసులమ్మ నవ్వేది.

"టీచరమ్మా, మీరు మాటాడతంటే రేడియోలో వార్తలు సెప్తన్నట్టుంటది. ఎక్కడ తుపానొచ్చిందో అని బయమేస్తది."

"అయితే నువ్వే ఒక కథ చెప్పు, రికార్డు చేస్తాను," అన్నారు భారతీదేవి గారు.

కాసులమ్మ నక్క కథ మొదలుపెట్టింది. "అనగనగా ఓ నక్క. దానికి ఆకలేసి, ఏటి సెయ్యాలా అని..."

"ఏమిటి చెయ్యాలా."

"ఏమిటి... సెయ్యాలా అని..."

"చెయ్యాలా."

ఐదుసార్లు ఆపించారు. ఆరోసారి కాసులమ్మ లేచి చీర దులుపుకుంది. "ఈ నక్క మా ఊరి నక్క కాదమ్మా, బరంపురం నక్క. మీరే సెప్పుకోండి." చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. భారతీదేవి గారూ నవ్వారు. ఆ కథను తన గొంతుతో, తప్పులు లేకుండా, రికార్డు చేశారు.

2021 ఫిబ్రవరిలో విద్యాశాఖ పంపిన ఇద్దరు యువకులు కాగితాలతో ఇంటింటికీ వచ్చారు. అందులో ఒక ప్రశ్న: ఇంట్లో పిల్లలు మాట్లాడే భాష. ఆ రోజు భారతీదేవి గారు టీకా వివరాల కోసం బరంపురం వెళ్లారు. నెల తిరిగేసరికి ఫలితం వచ్చింది. పందొమ్మిది ఇళ్లలో పద్నాలుగు ఇళ్లవాళ్లు ఒడియా అని రాయించారు. తెలుగు అన్నవి ఐదు. విభాగం రద్దయింది.

మొదట ఆమె ఆ యువకుల మీద అనుమానపడ్డారు. నేరుగా కాసులమ్మ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డారు.

"ఏటమ్మా, అలా సూస్తన్నారు? కూకోండి."

"కాసులమ్మా, మీ ఇంట్లో మాట్లాడేది ఒడియానా?"

"ఒడియా కాదు గానీ, తెలుగూ కాదు కదా. తెలుగంటే మీరు మాటాడేది. మాదేటో మోటుమాట. తెలుగు కాకపోతే ఇక మిగిలింది ఒడియాయే గదా, అదే సెప్పాం."

"అది తెలుగు కాదని ఎవరన్నారు?"

కాసులమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీరే గదా! మా కొండబాబు రెండో తరగతిలో పలక మీద 'ఏటి' అని రాస్తే తుడిపించేసి, ఇది తెలుగు కాదు అని పదిసార్లు రాయించారు. గుంటడు ఏడుసుకుంటా వొచ్చాడు. ఇప్పుడు సంతకం పెట్టే కాయితం మీద అబద్దం ఎలా సెప్పమంటారు? మీ పేరు పోదా?"

తలుపు దగ్గర నిలబడ్డ కొండబాబు అవునన్నట్టు తలూపాడు.

ఆమె పద్నాలుగు ఇళ్లూ తిరిగారు. పది ఇళ్లలో ఇదే జవాబు. వేలిముద్రలతో అర్జీ తయారుచేసి విద్యాశాఖ కార్యాలయానికి తీసుకెళ్తే, గడువు దాటిందన్నారు. "మేము రాసింది కాదు మేడమ్, వాళ్లే చెప్పారు," అన్నాడు గుమాస్తా. అందులో అబద్ధం లేదు.

నా సర్వే పత్రంలోనూ ఆ ప్రశ్నే ఉంది, అవే మాటలతో. ఆ ఊరి నుంచి నేను తెచ్చిన అంకెలు ఇప్పుడు దేనికీ పనికిరావు.

భారతీదేవి గారిని భంజనగర్‌లో ఒక ఒడియా బడికి బదిలీ చేశారు. నేను వెళ్లిన రోజు ఆమె ప్రధానోపాధ్యాయుడితో ఏదో చెబుతున్నారు. వయసులో ఆయన ఆమె కొడుకంతటివాడు. అచ్చమైన ఒడియాకు పేరున్న కటకం వైపు మనిషి. మధ్యలో ఆపి, నవ్వుతూ, ఆమె బరంపురం ఒడియాలో ఒక మాటను దిద్దాడు. ఆమె ఆయన చెప్పినట్టే మళ్లీ అన్నారు.

ఆయన వెళ్లాక, ఆ ఊరు వదిలిన రోజు సంగతి చెప్పారు. గదికి తాళం వేస్తుంటే చిట్టి వచ్చి కొంగు పట్టుకుందట.

"టీచరమ్మా, ఎల్లి..." అని, నాలుక కరుచుకుని, ఊపిరి తీసుకుని, "వెళ్లిపోతున్నారా?" అందట.

"నేను దిద్దలేదు," అన్నారు భారతీదేవి గారు. "దిద్దడానికి అందులో తప్పేమీ లేదు."