ఎర్రగుడ్డ కడితే ఆగే బస్సు

ఓరెస్ట్ బొద్నార్చుక్ చెడ్డవాడని నిరుటిదాకా ఎవరైనా అని ఉంటే డ్రోబ్నీ క్రీక్ జనం కొట్టడానికి లేచేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఊరిని మోసింది ఆయనే మరి. పంతొమ్మిదివందల యాభై ఏడులో ప్రయాణికుల రైలు ఆగిపోయినప్పుడు ఓ పాత బడి బస్సు కొన్నాడు. దానికి నీలం రంగు వేయించి, పొద్దున ఆరున్నరకు హాల్కర్ పట్నానికి, సాయంత్రం నాలుగున్నరకు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. దారిలో స్టాపులంటూ లేవు. బస్సు కావలసినవాళ్ళు గేటు దగ్గరి ఉత్తరాల డబ్బాకు ఎర్రగుడ్డ కడతారు, ఆయన ఆగుతాడు. దిగేటప్పుడు "థాంక్స్ ఓరెస్ట్" అంటారు. మా సస్కాచెవాన్ రాష్ట్రంలో ఆ ముక్క అనకుండా బస్సు దిగేవాళ్ళు ఉండరు.

అలాంటి మనిషికి అసూయ పట్టుకుంది. అలా ఇలా కాదు, తిండి సహించనంత.

కారణం లోర్నా ప్రిచర్డ్. నిరుడు వేసవిలో ఊరి సభవాళ్ళు ఓ తెల్ల బస్సు కొని ఆమె చేతికిచ్చారు. ఫోన్ చేస్తే చాలు, గుమ్మం ముందుకే వస్తుంది. ముప్ఫై రెండేళ్ళ పిల్ల, మొహాన నవ్వు చెరగదు. ముసలమ్మలను చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంది, సంచులు వంటింటిదాకా మోసి పెడుతుంది.

"మెట్లెక్కించడానికి డ్రైవరెందుకయ్యా, నర్సు చాలదూ?" అన్నాడు ఓరెస్ట్ కాఫీ హోటల్లో. ఒక్కరూ నవ్వలేదు. అదీ ఆయన కడుపుమంట.

పైగా మార్చిలో సభ కూర్చుని తేల్చబోతోంది. ఇంత చిన్న ఊరికి రెండు బస్సులు దండగ, జనం ఎక్కేదే ఉంటుంది అని. నీలం బస్సులో ఇప్పుడు ముగ్గురు ఎక్కితే గొప్ప. ఆ బస్సు పోతే తానేమిటో ఓరెస్ట్‌కు తెలియదు. స్టీరింగు పట్టుకోవడం తప్ప ఇంకో పని చేసి ఎరగడు.

జనవరిలో, పాత పంచాంగం ప్రకారం ఏడో తేదీన వచ్చే మా క్రిస్మస్ మర్నాడు, లోర్నా బస్సు అద్దం వెనక ఎర్రటి సీసా ఒకటి కనిపించింది. హాఫియా ముసలమ్మ పెట్టే బీట్‌రూట్ పచ్చడి. ఇరవయ్యేళ్ళుగా ఏటా మొదటి సీసా ఓరెస్ట్‌దే. నేరుగా వెళ్ళి అడిగేశాడు.

"ఏం హాఫియా, నా సీసా దారి తప్పిందా?"

"నీకూ ఇస్తాలే, కంగారెందుకు? ఆ పిల్ల నన్ను మంచులో పడకుండా పట్టుకుంది నాయనా."

"ఇన్నేళ్ళూ నేనేమైనా తోసేశానా నిన్ను?"

"తోయలేదు. దిగి పట్టుకోనూ లేదు," అంది హాఫియా.

ఆ సాయంత్రం బస్సులు నిలిపే దొడ్లో రెండు బండ్లూ పక్కపక్కనే ఉన్నాయి. మా చలికాలంలో బండి ఆపగానే దాని ముక్కులోంచి వేలాడే తీగను కరెంటు స్తంభానికి తగిలించాలి, తెల్లవార్లూ ఇంజిన్ వెచ్చగా ఉండాలి. లేదంటే, పొద్దునకి అది బండి కాదు, ఇనపముద్ద. ఎవరి తీగైనా ఊడి కనిపిస్తే, మాటల్లేనివాడిదైనా సరే, తగిలించి పోతాం. అటువంటి ఊళ్ళో పుట్టిన ఓరెస్ట్ తన తీగ తగిలించుకుని, తెల్ల బస్సు తీగ పీకేశాడు. ఊడిపోయినట్టు మంచులో పడేసి ఇంటికెళ్ళి, సూప్ రెండుసార్లు పోయించుకుని తిన్నాడు.

పొద్దునకి చలి సున్నాకు ముప్ఫై ఎనిమిది డిగ్రీల కింద ఉంది. తెల్ల బస్సు కిక్కురుమనలేదు. లోర్నా బుగ్గలు కందిపోయి పరుగున వచ్చింది.

"ఓరెస్ట్ గారూ, తీగ తగిలించడం మరిచిపోయినట్టున్నాను. నా బుద్ధి గడ్డి తింది! అందరికీ ఫోన్ చేసి మీకోసం ఎర్రగుడ్డ కట్టమన్నాను. వాళ్ళను పట్టుకుని దించాలి కదా, నేనూ వస్తాను."

"రా, నాదేం పోయింది," అన్నాడు.

దారి పొడుగునా ఎర్రగుడ్డలే. ఎన్నాళ్ళయింది అన్ని గుడ్డలు చూసి! పదిమంది ఎక్కారు. ఓరెస్ట్ ఛాతీ ఉబ్బింది. కానీ ఎక్కినవాళ్ళకు లోర్నా తప్ప వేరే మాట లేదు. పాపం లోర్నా, ఎంత హైరానా పడిందో లోర్నా, ఏనాడూ మరవదే లోర్నా. బస్సు తనది, భజన ఆవిడది. ఒళ్ళు మండిపోయింది.

మలుపు తిరగగానే మరో ఎర్రగుడ్డ. ఓరెస్ట్ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. అది తన గేటు. గుడ్డ పక్కన కోటు బొత్తాలన్నీ పెట్టుకుని తన భార్య పరాస్కా.

"నువ్వెక్కడికే?" అన్నాడు తెల్లబోయి.

"లోర్నా తీసుకెళ్ళేచోటికి. కంటి ఆసుపత్రికి," అంటూ ఎక్కి ఆయన వెనక సీట్లో కూర్చుంది. "ఆరు నెలల్నుంచి వెళుతున్నాను."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెప్తే? పొద్దున దింపేసి సాయంత్రందాకా నన్నెక్కడ కూర్చోబెడతావు? మందు వేస్తే మధ్యాహ్నందాకా కళ్ళు కనపడవు. ఆ పిల్ల లోపలికొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. నువ్వు దాని పేరెత్తితేనే గయ్యిమంటావు."

పరాస్కా ముందుకు వంగి, గొంతు తగ్గించింది.

"నిన్న సూప్ రెండుసార్లు పోయించుకున్నావు. ఆరు నెలలుగా ఒక గిన్నెడు దిగని మనిషివి. ఏం చేశావయ్యా?"

వెనక లోర్నా ఇంకా హాఫియాకు క్షమాపణలు చెబుతూనే ఉంది. మతిమరుపు వస్తోందండీ నాకు, అంటోంది. ఓరెస్ట్ ఇక వినలేకపోయాడు.

"నువ్వు మరవలేదమ్మాయ్," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "తగిలించావు. నేను పీకాను."

పట్నందాకా వెనకవాళ్ళ మొహాలు కనిపించే అద్దంలోకి చూడలేదు. ఆసుపత్రి ముందు ఆపాడు. హాఫియా దిగుతూ "థాంక్స్ ఓరెస్ట్" అంది, అని నాలిక కరుచుకుంది. తరవాతివాళ్ళూ అంతే. ఆయన మొహం చూడకుండానే అలవాటుకొద్దీ అనేసి దిగారు. తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు. పదిసార్లు తల దించుకున్నాడు.

పరాస్కా ఒక్కతే అనలేదు. మెట్టు దిగి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"లోపలికి నాతో ఎవరొస్తున్నారు?"

ఈ చలిలో ఇంజిన్ ఆపడానికి లేదు. ఇంజిన్ తిరుగుతున్న బండిని వదిలి పోవడానికీ లేదు. ఓరెస్ట్ లేచాడు. ఇరవై ఆరేళ్ళలో ఇంకొకరు కూర్చోని సీటు అది.

"అమ్మాయ్, కూర్చో. ఇంజిన్ ఆగనీయకు," అన్నాడు. "వెనక్కి కూడా నువ్వే నడుపు. నేను దీని చెయ్యి పట్టుకోవాలి."

లోర్నా వెళ్ళి కూర్చుంది. సీటు తనకు సరిపడేలా ముందుకు జరుపుకుంది. ఆ కిర్రుమన్న చప్పుడు ఓరెస్ట్‌కు గుమ్మం దాకా వినిపించింది. మార్చిలో సభ ఏం తేలుస్తుందో ఇక ఒకరిని అడగక్కర్లేదు. తలుపు దగ్గర ఆగి, ఉండబట్టలేక వెనక్కి చూశాడు. తన స్టీరింగు మీద ఆవిడ చేతులు చూస్తే కడుపు భగ్గున మండింది.

"పద," అంది పరాస్కా, చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఏడవాలనుంటే లోపల కూర్చుని ఏడువు. నాకెలాగూ కనపడదు."