మౌనంగా కూర్చుని నీలమ్మను చంపిన వైనం

ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఒక రబ్బరు తోటనంతటినీ ఏడిపించిన ఘనత నాది. మాటలతో ఏడిపించేవాళ్లు మీకు చాలామంది తెలిసే ఉంటారు. నోరు మూసుకుని సాధించినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

అప్పటికి నేను మద్రాసులో బి.ఏ. పూర్తిచేసి, మలయా దేశంలో ఇపో దగ్గర ఒక రబ్బరు తోట బడిలో మేష్టరుగా చేరాను. ఆదివారాలు ఊళ్లో ఒక ముసలి దొరసాని ఇంట్లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల ప్రార్థనకు వెళ్లేవాణ్ణి. అక్కడ పాటలుండవు, ప్రసంగముండదు. లోపలినుంచి దేవుడు కదిలిస్తే తప్ప ఎవరూ పెదవి విప్పరు. కష్టంలో ఉన్నవాడికి తోడుండే పద్ధతీ ఆవిడే నేర్పింది.

"సలహా ఇవ్వకు. ఒక్క ప్రశ్న అడిగి పక్కన కూర్చో. వెలుగు అతని లోపలే ఉంది. నీకు మాట్లాడాలనిపిస్తే, అది దేవుడి ప్రేరణో నీ తొందరో ముందు తేల్చుకో."

ఎవరు దొరుకుతారా అని చూస్తుంటే, రబ్బరు పాలు తీసే సూరన్న తనంతట తానే వచ్చాడు.

"మేస్టారూ, రేపు పొద్దున్న మా కూలీల మేస్త్రి కంగాణీకి మాట సెప్పాల. ఓడెక్కి మన దేశం పోదామని నాకుంది. మా నీలమ్మ ఇక్కడే ఉందామంటాది. ఏటి సేయమంటారు?"

"నేను చెప్పను. వచ్చి నీతో కూర్చుంటాను."

"కూకుంటే ఏటవుద్ది?"

"వెలుగొస్తుంది."

"అయితే మద్దినేళ రండి. అప్పుడు ఎలుగు బాగుంటాది."

వెళ్లాను. నాతోపాటు ప్రార్థనకు వచ్చే గుమస్తాలు దానియేలు, యోహాను కూడా వచ్చారు. తెల్ల చొక్కాలు తొడుక్కుని, సూరన్న ఇంటి ముందు అతన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. నీలమ్మ బజారుకు వెళ్లింది. "ఇక్కడ ఏది వదిలిపోవడం నీకు కష్టం?" అని అడిగాను. సూరన్న తల వంచుకున్నాడు. కన్నీళ్లు కారాయి. పద్ధతి పనిచేస్తోందని నేను పరమానందంతో కళ్లు మూసుకున్నాను.

పక్కింటి పైడమ్మ వచ్చింది. "ఏటైనాది మేస్టారూ?"

మౌనం.

"సూరన్నా, నీలమ్మేదిరా?"

సూరన్న ఇంకో రెండు చుక్కలు రాల్చాడు. మాట్లాడొద్దని అతనికి చెప్పింది నేనే.

మనవాళ్ల ఇంటి ముందు మగవాళ్లు తలలు వంచుకుని పలకకుండా కూర్చుంటే దానికి అర్థం ఒక్కటే. అది నాకూ తెలుసు. బి.ఏ. చదివాక కాస్త మరిచిపోయాను.

"ఓలమ్మా, నీలమ్మ పోనాది," అని పైడమ్మ రాగం అందుకుంది.

అప్పుడైనా నోరు తెరవాల్సింది. కానీ తెరవమంటున్నది దేవుడా, పైడమ్మ మీద భయమా? తేల్చుకునేలోపు కూలీల ఇళ్ల వరసలన్నీ కదిలొచ్చాయి.

"నా గుంటడికి జొరమొస్తే రేతిరంతా కూకున్నాది తల్లీ."

"నా మొగుడు తన్నబోతే సీపురట్టుకుని అడ్డం నిలబడ్డాది."

ఎవరో డప్పుకోసం పరుగెత్తారు. యోహాను నా చెవిలో గొణిగాడు. "చెప్పేద్దామా?"

"ప్రేరణా?"

"కాదు, భయం."

"అయితే ఆగు."

ఇంతలో తలమీద బుట్టతో నీలమ్మ వచ్చింది. తన ఇంటి ముందు జనాన్ని చూసి, మొగుడే పోయాడనుకుని బుట్ట పారేసి, అందరికంటే పై స్థాయిలో ఏడుస్తూ గుంపు మధ్యకి దూసుకొచ్చింది. సూరన్న నిక్షేపంలా కనిపించేసరికి ఆగిపోయింది.

"మరెవులు పోనారు?"

పైడమ్మ కళ్లు తుడుచుకుంది. "నువ్వే."

ఆ రోజు మొత్తంలో అసలైన మౌనమంటే అప్పుడు వచ్చిందే.

నీలమ్మ ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది. "నాకోసమా ఇంతమందీ? మన ఊళ్లో నాను సస్తే మా అత్తయినా ఏడవదు. పోతే నువ్వు పో. నాను రాను."

"ఒక్కణ్ణీ ఏటి పోతాను?" అన్నాడు సూరన్న. "నువ్వు పోనావని ఈళ్లంటే, అబద్దమని తెలిసీ ఏడుపాగనేదు. ఉండిపోదాం."

తర్వాతి ఆదివారం దొరసాని అడిగింది. "దారి దొరకడానికి ఎంతసేపు పట్టింది?"

"గంట పట్టిందండీ."

"చూశావా, మౌనం మహిమ."

"అవునండీ. మేం నలుగురం తప్ప తోటంతా మాట్లాడింది."

ఆనాటినుంచి నాదొక భీష్మ ప్రతిజ్ఞ. ఎవరింట్లో మౌనంగా కూర్చోవాల్సి వచ్చినా, ఆ ఇంట్లోవాళ్లందరినీ ప్రాణాలతో గుమ్మంలో వరుసగా నిలబెట్టి, ఊరికి చూపించాకే కళ్లు మూసుకుంటాను.