ఆడవేషం వేసిన మగవాళ్లు ఏమయ్యారండీ?

నాకు గర్వం ఎక్కువని మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ అంటారు. అననివ్వండి. తాడేపల్లిగూడెంలో ఇరవై ఆరేళ్లుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెబుతున్నాను. అందులో రాజు తిరిగొచ్చిన కాలం ఒక పాఠం. ఇంగ్లండు వాళ్లు రాజు తల నరికేసి, కొన్నేళ్లు రాజే లేకుండా గడిపి, ఆనక అతని కొడుకునే పిలిచి సింహాసనం ఎక్కించిన కాలమన్నమాట. ఆ పాఠం నాలా చెప్పేవాళ్లు ఈ చుట్టుపక్కల ఉంటే చూపించండి, దణ్ణం పెడతాను.

మిగతావాళ్లు నోట్సు చదివి చేతులు దులుపుకుంటారు. నేను అలా కాదు. భక్తి ముదిరిన పెద్దమనుషులు పద్దెనిమిదేళ్లు నాటకశాలలకు తాళాలేస్తే, జనం వినోదానికి ఎంత మొహం వాచిపోయారో ముందు చెబుతాను. రాజు రాగానే తలుపులు తెరుచుకున్నాయి. కొవ్వొత్తుల వెలుగు, రంగుల తెరలు, విగ్గులు పెట్టుకున్న షోకిలారాయుళ్లు, విసనకర్రల చాటున నవ్వే దొరసానులు. సగం మంది వచ్చేది నాటకం కోసం కాదు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూడ్డానికి. "మనం పెళ్లికి వెళ్లినట్టేనర్రా, తాళి కట్టడం ఎవరు చూస్తారు?" అంటే క్లాసంతా గొల్లుమంటుంది. అప్పటి కాఫీ హోటళ్లు ఎలా ఉండేవో తెలియాలంటే బస్టాండు ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడమంటాను. అక్కడ పూటకో ప్రభుత్వం కూలుతుంది.

చివర్లో నా అసలు ఘట్టం వస్తుంది. అంతవరకు ఇంగ్లండు రంగస్థలం మీద ఆడపాత్రలు మగవాళ్లే వేసేవారు. రాజు తిరిగొచ్చాకే ఆడవాళ్లు రంగం ఎక్కారు. ఆ మాట చెప్పేటప్పుడు కొంగు నడుముకు దోపుకుని, డయాస్ చివరిదాకా నడిచి, క్లాసు వైపు తిరిగి ఒక్క క్షణం ఆగుతాను. ఆడపిల్లలు చప్పట్లు కొడతారు. ప్రతి ఏడూ కొట్టారు.

ఈ ఏడు చప్పట్లు మొదలయ్యేలోపే మూడో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. గణపవరం అవతల, కొల్లేటి వైపు చేపల చెరువుల మధ్య ఊరు ఆ అమ్మాయిది. రెండు బస్సులు మారి వస్తుంది. వాళ్ల నాన్న చెరువుల మీద చేపలకు మేత వేసే పని చేస్తాడు.

"మేడమ్, మరి అంతవరకు ఆడవేషం వేసిన మగవాళ్లు ఏమయ్యారండీ?"

"ఏమవుతారమ్మా? వేషాలు పోయాయి. కొందరు మగవేషాలకు మారారు."

"అంతేనాండీ? మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి మగపిల్లలు చాలక మూడేళ్లు నేనే గొర్రెలకాపరి వేషం వేశానండి, గడ్డం అంటించుకుని. నాలుగో ఏడు మగపిల్లలు దొరికారండి. నన్ను తీసేసి పాటలు పాడేవాళ్లలో నిలబెట్టారు. ఇంటికెళ్లి ఎంత ఏడ్చానో తెలుసాండీ? అందుకని అడిగానండి."

క్లాసు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆడవేషం వేసి, ఆ వేషం పోయిన మనిషి ఏలూరులో మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన మా నాన్నగారు.

నాన్నగారు గుడిలో అర్చకులు. మీసం లేదు, జుట్టు ముడి ఉంది, గొంతు సన్నం. "నీకు సగం మేకప్ దేవుడే చేసి పంపాడయ్యా" అనేవారట నాటక సమాజం వాళ్లు. ముదినేపల్లి నుంచి తణుకు దాకా ఆయన రాణివేషమంటే జనం బళ్లు కట్టుకుని వచ్చేవారని మా అమ్మ చెప్పేది. నేను ఏడో తరగతిలో ఉండగా ఆ సమాజంలోకి మొదటిసారి ఒక నటి వచ్చింది. అదే ఏడు నాన్నగారు వేషం మానేశారు. మళ్లీ నాటకం ఊసెత్తలేదు. నటి రావడంతో ఆయన వేషం పోయిందని నేను అనుకున్నాను. నాన్నగారేం చేస్తారని ఎవరడిగినా అర్చకులని చెప్పి ఊరుకున్నాను. ఆ సంగతి ఇంట్లో పెట్టుకుని ఇరవై ఆరేళ్లు ఈ పాఠం చెప్పానా, ఆ మగవాళ్లను ఒక్క వాక్యంతో సాగనంపాను! ఎంత బడాయి ఉంటే ఏం లాభం, బుద్ధి ఉండొద్దూ?

సాయంత్రం రైల్లో భీమడోలు దాటేదాకా నాతో నేనే పోట్లాడుకున్నాను. ఇంటికి వెళ్లగానే అడిగేశాను.

"నాన్నగారూ, మా పిల్లలకు ఆడవేషం గురించి నాలుగు మాటలు చెబుతారా?"

ఆయన కళ్లజోడు తీసి నా మొహంలోకి చూశారు. "నేనెవరినని చెబుతావమ్మా వాళ్లకి?"

అర్థం కానట్టు నటించాను. "ముందు మీరు రండి" అన్నాను.

ఆయన రారేమోనని కాదు నా భయం. వస్తే, ఆ పిల్లల ముందు ఈయన మా నాన్నగారని నా నోటితో చెప్పగలనా అని. నలభై ఏళ్లు దాచిన మాట అది. చిన్నప్పుడు బళ్లో "మీ నాన్న చీర కట్టుకుంటాడంట కదే" అంటూ ఒకత్తె వరండాలో నడుం తిప్పుకుంటూ నడిచేది. తక్కినవాళ్లు పడీపడీ నవ్వేవారు. యాభై దాటాక కూడా ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదంటే నమ్ముతారా?

బుధవారం గుడి పని ముగించుకుని ఆయన నాతో బయల్దేరారు. తెల్ల పంచె, భుజాన ఉతికిన కండువా. ఎనభై దాటిన మనిషి రైలు దిగి, ఉల్లిపాయల లారీల మధ్య నుంచి ఆటోలో కాలేజీకి వస్తూ దారంతా పెళ్లికొడుకులా కూర్చున్నారు. తీరా క్లాసులో ఆయన్ని నిలబెట్టి నేనేమన్నానో వినండి.

"వీరు ఏలూరు నుంచి వచ్చారు. నాటకాల్లో చాలా అనుభవం ఉన్న పెద్దవారు."

అంతే. అది చెప్పి, వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. నాన్నగారు నా వైపు ఒక్కసారి చూసి, "సంతోషమండీ, మేడమ్ గారూ" అన్నారు. ఎగతాళి లేదు, కోపం లేదు. నా పరువు కాపాడుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత ఆయన మాట్లాడారు. అబ్బ, ఏం మాట్లాడారు! "ఆడవేషమంటే ఆడవాళ్లలా నడవడం కాదమ్మా. ఏ ఆడమనిషీ అలా నడవదు. ఆఖరున చాప మీద కూర్చున్న ముసలమ్మకి కూడా రాణి వస్తోందని తెలియాలి. ముందు మెడ నిలబడాలి, తర్వాతే పాదం కదలాలి. రంగం చివరికి వెళ్లి, జనం వైపు తిరిగి, ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగడంలోనే ఉందమ్మా అంతా." ఫోన్లు వదలని కుర్రాళ్లు కూడా నోళ్లు తెరుచుకుని విన్నారు. నేను సొంతమని మురిసిపోయే నడక ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది.

ఆ కొల్లేటి అమ్మాయి లేచింది. "తాతగారూ, నటి వచ్చాక మీ వేషం తీసేశారాండీ?"

"ఎవరూ తీయలేదమ్మా. ఆవిడ కొత్త. తెర పక్కన నిలబడి పద్యం నేనే అందించేవాణ్ణి. ఆవిడకో వేషం, నాకో వేషం. ఇద్దరికీ పని ఉండేది."

"మరెందుకు మానేశారండీ?"

నాన్నగారు భుజం మీది కండువా సర్దుకున్నారు.

"మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. బడి వార్షికోత్సవంలో మాట్లాడాలి. 'మీరు రాకండి నాన్నగారూ, అందరూ నవ్వుతారు' అంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు? నాకేమో అది మాట్లాడుతుంటే చూడాలని ఉంది. మర్నాడే సమాజానికి వెళ్లి, ఇంక వేషం వెయ్యనని చెప్పేశాను. ఇంటికొచ్చి, మానేశానమ్మా, ఇప్పుడు రావచ్చా అని అడిగాను."

"వెళ్లారాండీ?"

"వెళ్లకేం! ముందు వరసలో కూర్చున్నాను. ఏం మాట్లాడిందనుకున్నావు! ఆ గొంతేమిటి, ఆ నిలబడడమేమిటి! ఇప్పుడు పెద్ద లెక్చరరు. ఎంతమందికి ఉంటారమ్మా అలాంటి కూతుళ్లు?"

ఆ మాట నేనన్నానా? అన్నాను. ఇన్నేళ్లు నటి మీద, కాలం మీద వేసి హాయిగా మర్చిపోయాను. ఆయన వేషం తీసేసింది నేనే. అయినా ఆయన నా గురించే గొప్పలు చెప్పుకుంటున్నారు, అదీ నా పేరెత్తకుండా.

లేచి నిలబడ్డాను.

"ఆ కూతుర్ని నేనే. ఈయన మా నాన్నగారు. కొల్లేటి చుట్టూ ఎన్ని ఊళ్లున్నాయో అన్ని ఊళ్లలోనూ ఈయన్ని మించిన రాణివేషం లేదు."

మళ్లీ ఆ అమ్మాయే అడిగింది. "మరి ఇందాకే చెప్పలేదేంటి మేడమ్?"

"సిగ్గుపడ్డానమ్మా" అన్నాను. "తప్పు చేశాను."

నాన్నగారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. నేను ఆగలేదు. "నాన్నగారూ, ఒక్కసారి రాణి వచ్చేది చూపించండి."

"ఇప్పుడా? ఈ మోకాళ్లతోనా? నలుగురూ నవ్విపోతారమ్మా."

"ఎవరు నవ్వుతారో నేనూ చూస్తాను."

ఆయన కండువా దులిపి పైటలా వేసుకున్నారు. నేను చివరి బెంచీలోంచి నడిచి వెళ్లి, ముందు బెంచీలో కూర్చున్నాను.