సల్మా ఆపా స్టీలు పళ్లెం

గ్లౌజుల కొత్త పెట్టె విప్పినప్పుడల్లా ఒక వాసన వస్తుంది. రబ్బరు, దాని మీద చల్లిన తెల్లటి పొడి, పక్కన సీసాలో స్పిరిటు. కంచన్‌బాగ్ దగ్గర నేను పనిచేసే ల్యాబులో అందరికీ అది ఆసుపత్రి వాసనే. నాకు మాత్రం దబీర్‌పురా స్టేషన్ వెనక ఇరుకు గల్లీ గుర్తొస్తుంది. మేడ మీద చిన్న క్లినిక్, మెట్ల నిండా విడిచిన చెప్పులు, పరదా వెనక నుంచి "ఇప్పుడెవరమ్మా, లోపటికి రా" అనే గొంతు. ఆ గొంతు డాక్టర్ సల్మాది. గల్లీలో హిందువులూ ముస్లింలూ అందరూ ఆమెను ఆపా అనే పిలిచేవారు. ఆమె లేకపోతే నేను ఈ ల్యాబులో ఉండేదాన్ని కాదు. బహుశా ఎక్కడా ఉండేదాన్ని కాదు.

మాది అర్చకుల ఇల్లు. మామయ్య, ఆయన తర్వాత మా ఆయన, తరతరాలుగా ఒకే గుడి. దేవుడి నైవేద్యం మా వంటింట్లోంచే వెళ్లాలి. కాబట్టి మడి, తడి, నెలసరి వస్తే మూడు రోజులు దూరం కూర్చోవడం, అన్నీ గట్టిగా నడిచేవి. నా మొదటి కాన్పు చాలా కష్టమైంది. నెత్తురంతా పోయి, బతికి బట్టకట్టడమే గొప్ప అనుకున్నారు. రెండేళ్లలోపు మళ్లీ కడుపొస్తే ప్రాణం మీదికి వస్తుందని ఆసుపత్రిలో హెచ్చరించి పంపారు. పుట్టింది ఆడపిల్ల. పాప బోర్లా పడకముందే మా అత్తమ్మ, "గుడికి వారసుడు కావాలె గద బిడ్డా" అనడం మొదలుపెట్టింది. అదే ఏడు నాకు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటు వచ్చింది. బతకాలి, చదవాలి. రెండూ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఏం చేయాలో తెలియక, కడుపు రాకుండా ఎదురింటి పద్మ వేసుకునే గోలీల అట్ట చూసి అవే కొనుక్కున్నాను. చీరలు అలాగే కొనుక్కుంటాం కదా, ఆమెకు బాగుంది కాబట్టి నాకూ బాగుంటుందని. అసలే నాకు తలనొప్పుల బాధ ఉంది, ఆ గోలీలతో అది రెట్టింపైంది. చివరికి పద్మే నన్ను ఆపా దగ్గరికి తీసుకెళ్లి, గుమ్మంలో వదిలి పారిపోయింది.

ఆపా బల్ల మీద వెడల్పాటి స్టీలు పళ్లెం ఉంది. అందులో గోలీల అట్టలు, నిరోధ్ పొట్లాలు, సూది మందు సీసా, దారం వేలాడే చిన్న కాపర్-టి. ముట్టుకుని చూడమన్నట్టు అన్నీ బాహాటంగా పెట్టి ఉన్నాయి. సిగ్గుతో నేను గోడకేసి చూశాను. ఆపా వాటి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"పొద్దుగాల లేచినకాంచి పండుకునేదాంక నీ దినం చెప్పు," అంది.

"నా దినమా? ఏముంటది ఆపా, ఇంటి పని."

"అదే చెప్పు. మొన్న రంజాన్ కంటే ముందు ఒకామెకు గోలీలిచ్చిన. పొద్దున నాష్తా తిని ఏస్కునుడు అలవాటు చేసుకుంది. రోజాలు మొదలుగాంగనే నాష్తా బంద్, దాంతోని గోలీ బంద్. ఈద్ అయినంక కడుపుతోని వచ్చి నా ముంగట ఏడ్చింది. ముందుగాల్నే ఆమె దినం అడిగుంటే తెల్లారకముందు తినే సహరీల ఏస్కోమని చెప్పేదాన్ని. తప్పు ఆమెది కాదు, నాది. అప్పటిసంది అడగకుండ ఎవ్వరికీ ఏదీ ఇయ్య."

తప్పు నాది అన్న డాక్టర్‌ను నేను అంతకుముందు చూడలేదు. దాంతో నా నోరు పెగిలింది. మూడున్నరకు లేవడం, తలస్నానం, నైవేద్యం వంట, పాప, బావి దగ్గర గిన్నెలు. మధ్యలో మాటవరసకు, తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు వంకర టింకర మెరుపులు కదులుతాయని చెప్పాను. ఆపా చేయెత్తి ఆపింది.

"మెరుపులా? అయితే ఈ రకం గోలీ నీకు కాదు. ఇయ్యాల్నే బంద్ చెయ్. గట్లాంటి తలనొప్పి ఉన్నోళ్లకు దీంతోని పక్షవాతం వచ్చే ఖత్రా పెరుగుతది. పద్మకు మంచిదే, నీకు పడదు."

సంచిలోంచి గోలీల అట్ట తీసి బల్ల మీద పెట్టేశాను. తర్వాత ఒక్కొక్కటీ నా చేతికిచ్చి మంచీ చెడూ చెప్పింది. కాపర్-టి ఏళ్ల తరబడి పనిచేస్తుంది, కానీ కొందరికి మొదట్లో నెలసరి ఎక్కువవుతుంది. నా ఒంట్లో చూస్తే నెత్తురే లేదు. సూది మందు వేస్తే ఎప్పుడు మరక కనిపిస్తుందో చెప్పలేం. అది వినగానే నేను భయపడుతూనే మా ఇంటి మడి సంగతి చెప్పాను. వేళకాని వేళ మరక కనబడితే వంటింట్లోంచి బయటికి రావాలి, ఎందుకని అందరూ అడుగుతారు. చదువుకున్న డాక్టరమ్మ, నవ్వుతుందనుకున్నాను.

"మీ ఇంటి రివాజు మంచిదా చెడ్డదా అని చెప్పెతందుకు నేనెవరు? ఆ ఇంట్ల ఉండేది నువ్వు. దాంట్ల కుదిరేదే చూద్దాం," అంది ఆపా. ఆ ఒక్క మాటతో నేను ఆమె మనిషినైపోయాను. "కని ఒక్కటి. ఇది ఇద్దరి పని. రేపు ఆయనను తోల్కరా."

మా ఆయనను ఆ మేడ ఎక్కించడం అంత తేలిక కాదు. విభూతి పట్టెలు, పిలక, పంచెకట్టు. చుట్టూ బురఖాల్లో ఆడవాళ్లు. ఆయన ఆ గదిలో ఉన్న ఒకే ఒక క్యాలెండర్‌ను పంచాంగం చదివినంత శ్రద్ధగా చదివారు. లోపలికి వెళ్లాక ఆపా ఆయననూ అదే అడిగింది.

"అయ్యగారూ, మీ దినం చెప్పుండ్రి."

"నాలుగున్నరకు లేస్తనమ్మా. స్నానం, సంధ్య, గుడి..."

"మీరు లేచేసరికి ఈమె ఏం చేస్తుంటది?"

ఆయన ఆలోచించారు. "వంట సగం అయితది," అన్నారు మెల్లగా. తర్వాత నా వైపు చూశారు. పెళ్లయ్యాక ఆయన నన్ను అట్లా చూడటం అదే మొదలు. ఆపా ఏదీ తోయలేదు, తొందరపెట్టలేదు. పళ్లెం మా ఇద్దరి మధ్యకు జరిపింది, అంతే. హార్మోను లేని, కొన్నాళ్లయ్యాక వారానికోసారి వేసుకునే గోలీ నేను ఎంచుకున్నాను. అది కుదురుకునేదాకా మొదటి మూడు నెలలు వారానికి రెండు వేసుకోవాలి. గుడిలో సోమవారం, శనివారం రద్దీ కాబట్టి బుధవారం, ఆదివారం పెట్టుకున్నాను. మా ఆయన చెవులు ఎర్రబడుతుండగా నిరోధ్ పొట్లం తీసుకుని, "అప్పటిదాంక ఇది నా వంతు," అన్నారు.

గోలీలూ నిరోధ్ కొనడం దగ్గర మాత్రం చిక్కొచ్చింది. మా బజారులో మందుల షాపాయన రోజూ మా గుడిలో తీర్థం పుచ్చుకునేవాడు. ఆయన దగ్గర ఎట్లా అడుగుతారు? పాపం, మా ఆయన భుజాన కండువా కప్పుకుని, పట్టెలు తుడుచుకుని, బస్సెక్కి అఫ్జల్‌గంజ్ పోయి కొనుక్కొచ్చేవారు. అత్తమ్మ అడిగితే హారతి కర్పూరం అక్కడ చవక అనేవారు. ఆ ఏడు మా గుడిలో కర్పూరానికి కరువు రాలేదు.

కోర్సు పూర్తయింది. నెత్తురు పట్టింది. ఉద్యోగం వచ్చింది. రెండో బిడ్డ కావాలని నాకు అనిపించాక ఆపాతో మాట్లాడి గోలీ ఆపాను. రెండోదీ ఆడపిల్లే. బంగారుతల్లి. ఇక చాలనుకున్నాం. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు ఇంట్లో అందరూ నా వైపే చూశారు. మా ఆయన మాత్రం భోజనానికి కూర్చుంటూ, "నేను చేయించుకుంట. మొగోళ్లకు చిన్న పని, అదే రోజు ఇంటికి పంపుతరట," అన్నారు.

అత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఒంటి మీద కత్తి పడ్డోడు గర్భగుడిలకు ఎట్ల పోతడురా? దేవుని ముట్టే ఒళ్లు అది. వారసుడు సుత లేడాయె."

ఆపా దగ్గర నేర్చుకున్న పాఠం నాకు అప్పుడు అక్కరకొచ్చింది. ఎదురు తిరగలేదు, వెక్కిరించలేదు. ఆమె ఇంటి రివాజులోనే దారి వెతికాను. "అత్తమ్మా, మామయ్యకు అపెండిక్స్ కోసిన్రు గద. మచ్చ ఇంత పొడుగుంటది. కుదుటపడ్డంక శుద్ధి చేసుకొని మళ్ల గుడికి పోయిండు. దేవుడు వద్దన్నడా?"

పక్క పీట మీద మామయ్య మజ్జిగ కలుపుకుంటూ, "వద్దనలే," అన్నారు. "ఇద్దరు మనుమరాండ్లకు మంత్రం నేను చెప్త. నోరు తిరుగుతది వాండ్లకు. ఇంగ ఫికర్ వద్దు."

ఆ ఇంట్లో ఆ మాటకు అప్పీలు లేదు. నాకు లేచి గంతులేయాలనిపించింది. మర్యాదకు పులుసు వడ్డించాను. ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలకు, పూర్తిగా పనిచేసిందో లేదో వీర్య పరీక్ష చేయించాలని ఆపా చెప్పినప్పుడు మాత్రం మా ఆయన బతిమాలుకున్నారు. "ఎక్కడైన ఇస్త గని, నీ ల్యాబుల వద్దు." ఆపా అంతలా నవ్వడం నేనెన్నడూ చూడలేదు.

ఆ తర్వాత ఒకరోజు నేను క్లినిక్ మెట్లెక్కుతుంటే పైన అత్తమ్మ కనిపించింది. పక్కన మా ఆడపడుచు లలిత, చంకలో పసిపిల్ల, కళ్ల కింద నలుపు. అత్తగారింట్లో అప్పుడే ఇంకొకరి కోసం పోరుతున్నారట. నన్ను చూసి అత్తమ్మ తల దించుకోలేదు. ముగ్గురం లోపలికి వెళ్లాం. ఆపా లలితను తన దినం చెప్పమంది. లలిత నోరు తెరవకముందే అత్తమ్మ, "అది పొద్దుగాల..." అని మొదలుపెట్టి, తనే ఆగింది. కుర్చీలోంచి లేచింది.

"నేను బయట కూసుంట డాక్టరమ్మా. నేనుంటే అది చెప్పది," అని పరదా దాటి వెళ్లిపోయింది. నేనూ ఆమె వెనకే వచ్చాను. బయటి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆమె, "నాకు ఏడుగురు పుట్టిన్రు. నలుగురు దక్కిన్రు. నన్నెవ్వరూ అడగలే," అంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను.

ఆపా ఇప్పుడు లేదు. రిపోర్టుల కోసం వచ్చే కొత్త పెళ్లికూతుళ్లు, "మేడమ్, మీరేం వాడిన్రు?" అని గుసగుసగా అడుగుతుంటారు. గోలీ పేరు చెప్పను. కూర్చోబెట్టి వాళ్ల మాట వింటాను, డాక్టర్ దగ్గర ఏమేం అడగాలో, ఏది దాచకూడదో చెప్పి పంపుతాను. అంతకంటే ఎక్కువ తెలిసినదాన్ని కాదు. ఒకటి మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. మా ఇంట్లో అత్తమ్మ తరం దాకా ఆడవాళ్లకు పిల్లలు పుట్టారు. నేనూ లలితా మాత్రం కావాలనుకున్నప్పుడు కన్నాం.