హారన్ కొట్టి చాయ్ అడిగిన ఆదివారం

ముక్కూ మొహం తెలియని ఊళ్లో, ముక్కూ మొహం తెలియని వాళ్ల పెళ్లిని గందరగోళం చేయడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? నాకైతే రెండు హారన్లు కొట్టినంతసేపు పట్టింది. ఇటలీలోని ఆ ఊరివాళ్లు నన్ను ఈపాటికి మర్చిపోయి ఉంటారని మా ఆవిడ ఓదారుస్తుంది. నేను నమ్మను. నా పేరు తెలియదు కాబట్టి "ఆ నల్లకోటు వాడు" అనైనా చెప్పుకుంటూ ఉంటారు.

మా కాపురం అబుదాబి పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. నేను ముసఫ్ఫాలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. మా ఆవిడ కరుణ నర్సు. ఇద్దరిదీ గుంటూరు జిల్లాయే. ఇక్కడికొచ్చాక నాకు అబ్బిన గొప్ప అలవాటు ఒకటుంది, అది ముందే చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. ఇక్కడ చాయ్ తాగాలంటే కారు దిగక్కర్లేదు. కెఫెటేరియా ముందు ఆపి హారన్ రెండుసార్లు నొక్కితే లోపల్నుంచి మనిషి పరుగున వస్తాడు. అద్దం జానెడు దించి "దో కరక్" అంటే చాలు, పొగలు కక్కే చాయ్ కిటికీలోంచి ఒళ్లోకి వచ్చేస్తుంది. మా వీధి కెఫెటేరియాలో ఉండే కేరళ పెద్దాయన హంజా భాయ్ అయితే హారన్ విని అది నా కారని కనిపెట్టి, ఆర్డర్ చెప్పకముందే కప్పులు తీసేవాడు. నా పొట్ట మా తాతగారి నుంచి వచ్చిందని డాక్టరుకి చెప్పాను. ఆయన హంజా భాయ్‌నే అనుమానించాడు.

ఇక యూరప్ సంగతి. కరోనా వచ్చిన ఏడాది కరుణకి ఆ వార్డులోనే డ్యూటీ. ఇంటికి రాకుండా హాస్పిటల్ వాళ్లిచ్చిన గదిలో ఉండేది. ఫోన్లో ఏడ్చేది కాదు, ఆ పని నేను చూసుకునేవాణ్ణి. ఒకరోజు మాత్రం నెమ్మదిగా అంది, "ఇందులోంచి బయటపడితే రోముకి పోతానని మొక్కుకున్నానండీ. ఆదివారం మధ్యాహ్నం పోపుగారు కిటికీలోంచి దీవెనలిచ్చేటప్పుడు కింద ఆ స్క్వేర్‌లో నిలబడాల."

"తప్పకుండా," అన్నాను. ఆ క్షణంలో చంద్రమండలం అడిగినా తప్పకుండా అనే అనేవాణ్ణి.

రెండు మూడేళ్లకి గానీ కుదరలేదు. మొక్కు రోముకే అయినా, వీసా ఇన్ని దేశాలకి పనికొస్తుంటే ఒక్క ఊరు చూసి రావడమేమిటని పారిస్ నుంచి మొదలుపెట్టాను. పారిస్‌లో ఈఫిల్ టవర్ కింద నిలబడి "మన దుబాయ్ బుర్జ్ ముందు ఇదెంత?" అన్నాను, పక్కనున్న తెలుగువాళ్లు నాకు దూరంగా జరిగారు. లూసర్న్‌లో మంచుకొండ ఎక్కి ఏసీ తగ్గించమన్నాను. ఇది జోకనే అనుకున్నాను, కరుణ అనుకోలేదు. ఎక్కడికి తీసుకెళ్లినా ఆమెది ఒకటే మాట: "ఇవన్నీ మీ సరదా. నాకు ఆదివారం పన్నెండింటికి రోములో ఉంటే చాలు." సోమవారం మా తిరుగు విమానం. అంటే ఉన్నది ఆ ఒక్క ఆదివారమే.

మిలాన్‌లో నేను రైళ్లకి దణ్ణం పెట్టి తెల్లకారు ఒకటి అద్దెకి తీసుకున్నాను. ట్రెయిలర్లు తిరిగే ముసఫ్ఫా రోడ్ల మీద చెయ్యి తిరిగినవాణ్ణి, ఇటలీ ఒక లెక్కా? లెక్కేనని మొదటి సందులోనే తెలిసింది. అక్కడి సందులు గాడిదల కోసం కట్టినవి, అదీ బక్క గాడిదల కోసం. ఎడమ అద్దం వెనిస్ దగ్గర ఒక గోడకి తగిలింది. కుడి అద్దం ఫ్లోరెన్స్‌లో ఇంకో గోడకి తగిలింది. రెండూ వేలాడుతుంటే కరుణ కారు దిగి, రోగిని చూసినట్టు చూసి, బ్యాగులోంచి కట్టుగుడ్డ తీసి రెండింటికీ గట్టిగా కట్టేసింది. ఒకప్పుడు పిల్లల వార్డులో పనిచేసిన చెయ్యి కదా, చివర్న పువ్వులాగా ముడి కూడా వేసింది.

ఆదివారం పొద్దున్నే ఫ్లోరెన్స్ నుంచి బయల్దేరాం. దీవెనల కోసమని దాచుకున్న తెల్ల పట్టుచీర కట్టింది కరుణ. నేను నల్లకోటు, టై. ఇప్పుడు మీరు ఒక్క అడుగు వెనక్కి జరిగి మా వాలకం చూడండి. తెల్లకారు, రెండు చెవులకీ తెల్లటి పువ్వు ముడులు, లోపల తెల్లచీర, పక్కన నల్లకోటు. మీకు ఇట్టే తోచింది కదూ? నాకు తోచలేదు.

సగం దూరం పోయాక నాకు తలనొప్పి పట్టుకుంది.

"చాయ్ పడకపోతే తల పగిలిపోతుంది," అన్నాను.

"రోములో తాగుదురుగానీ పోనియ్యండి."

"ఐదు నిమిషాలు. దిగను కూడా దిగను."

"దిగకుండా ఎట్టా తాగుతారు?"

"నువ్వు చూస్తూ ఉండు."

పెద్ద రోడ్డు వదిలి పక్కనున్న ఊళ్లోకి తిప్పాను. చిన్న ఊరు, వెనక గుట్ట, గుట్ట మీద బుల్లి చర్చి. ఊరి సెంటర్లో ఒకే ఒక కాఫీ హోటలు. అద్దాల వెనక బోలెడు జనం, అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. చాయ్ తాగడానికి కూడా ఇంత ముస్తాబవుతారా అని ముచ్చటేసింది.

"దిగి అడగండి. ఇది మన ముసఫ్ఫా కాదు," అంది కరుణ.

"దిగితే పార్కింగ్ వెతకాలి, లోపల కూర్చోవాలి, వాడు వచ్చేదాకా ఆగాలి. హారన్ కొడితే రెండు నిమిషాల్లో ఖలాస్. నీ మొక్కు కోసమే చెప్తున్నా."

నొక్కాను. పాం, పాం.

హోటలు తలుపులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఒకరు కాదు, ఇద్దరు కాదు, లోపలున్న జనమంతా కేకలేస్తూ బయటికొచ్చారు. ఒకాయన బూర ఊదుతున్నాడు, ఇంకొకాయన అకార్డియన్ వాయిస్తున్నాడు. తెల్లచొక్కా మనిషొకడు పళ్లెంలో బుల్లి గ్లాసులు పెట్టుకుని నా కిటికీ దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు.

"చూశావా! సర్వీస్ అంటే ఇదీ," అన్నాను కరుణతో. అద్దం పూర్తిగా దించి, "దో కరక్!" అన్నాను.

గుప్పెడు బియ్యం నా మొహాన పడింది.

నోరు తెరిచాను. రెండో గుప్పెడు అందులో పడింది.

"ఏమండీ, అక్షింతలండీ!" అని అరిచింది కరుణ.

"చాయ్ అడిగితే అక్షింతలేంటి?"

"నాకేం తెలుసు? మీరు ఏమని పిలిచారో!"

అన్ని వైపుల నుంచీ బియ్యం. ఒకామె, ఎనభై దాటి ఉంటాయి, ఇద్దరి భుజాల మీద చేతులేసి కుంటుకుంటూ వచ్చి కరుణ వైపు తలుపు తీసింది. తన గుప్పెడు కరుణ తల మీద ప్రేమగా పోసి, చెంప మీద ముద్దు పెట్టడానికి వంగింది. అప్పుడు చూసింది మొహం. ముసలామె ఆగిపోయింది. బూర ఆగింది. అకార్డియన్ ఆయనకి సంగతి ఆలస్యంగా అందడంతో ఆయనొక్కడే ఇంకాసేపు వాయించాడు.

ఆ నిశ్శబ్దంలో వంటగదిలోంచి ఒక సర్దార్జీ వచ్చాడు, నడుముకి ఏప్రన్, చేతిలో గరిటె. నన్ను ఎగాదిగా చూసి, "భాయ్‌సాబ్, దుబాయ్ సే?" అన్నాడు.

"అబుదాబి," అన్నాను. అంత అవమానంలోనూ ఆ తేడా చెప్పాలనిపించింది.

"హారన్ సున్‌తే హీ సమఝ్ గయా," అన్నాడు. హారన్ వినగానే కనిపెట్టేశాడట. ఆయన పేరు బల్విందర్, ఇక్కడికి రాకముందు షార్జాలో లారీ నడిపాడట. హిందీలో జరిగిందంతా చెప్పాడు. గుట్ట మీద చర్చిలో పెళ్లి జరుగుతోంది. చర్చి చిన్నది కాబట్టి సగం ఊరు కింద ఆగింది. పెళ్లికారు హారన్ కొట్టుకుంటూ దిగుతుంది, అప్పుడు బియ్యం చల్లాలి. ఈ ముసలామె పెళ్లికూతురికి అమ్మమ్మ, ఆ పిల్లని పెంచింది ఈవిడే. గుట్ట ఎక్కలేదు. మనవరాలి తల మీద తన చేత్తో బియ్యం పోయాలని పొద్దుట్నుంచీ కుర్చీలో కాచుకుని కూర్చుంది.

"మరి ఆ బియ్యం?" అన్నాను.

"ఆప్ కే ఊపర్," అన్నాడు బల్విందర్.

మీకు ఎప్పుడైనా కూర్చున్న సీటు కిందికి దూరిపోవాలనిపించిందా? నాకు అనిపించింది, పొట్ట అడ్డమొచ్చింది. అంతలో గుట్ట మీంచి హారన్ మోగింది. పాం పాం పాం. అసలు పెళ్లికారు దిగుతోంది. ఇక్కడ చూస్తే ఒక్కరి చేతిలోనూ గింజ లేదు. ఉన్నదంతా మా నెత్తిన, కారు మీద, రాళ్ల సందుల్లో ఉంది. ముసలామె తన ఖాళీ చేతుల్ని చూసుకుని గొణుగుతోంది. భాష తెలియకపోయినా ఆ మాటేమిటో తెలుస్తూనే ఉంది.

కరుణ కారు దిగింది.

"డిక్కీ తీయండి."

"ఎందుకు?"

"ముందు తీయండి, చెప్తా."

తెలుగువాళ్లు యూరప్ వెళ్తే డిక్కీలో ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు. రైస్ కుక్కరు, ఆవకాయ సీసా, సోనా మసూరి సంచి. కరుణ సంచి మూతి విప్పింది.

"అది మన మిగతా భోజనం!" అన్నాను.

"మాడండి," అంది కరుణ.

ముందుగా ముసలామె దోసిలి నింపింది. తర్వాత వార్డులో మందులు పంచినట్టు వరసగా అందరికీ పంచింది. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. సంచి దులిపేసరికి పెళ్లికారు వచ్చి మా కారు పక్కనే ఆగింది. దాని అద్దాలకీ తెల్ల పువ్వు ముడులే. నిజం చెప్పొద్దూ, కరుణ కట్టిన కట్లే బాగున్నాయి. పెళ్లికూతురు దిగగానే ముసలామె అందరికంటే ముందు గుంటూరు బియ్యం ఆ పిల్ల తల మీద పోసి భోరుమంది. బూర మళ్లీ ఊదారు. నేనూ ఒక గుప్పెడు చల్లాను, నా బియ్యమే కదా.

అంతా సర్దుకుందని కారెక్కితే ముందూ వెనకా పెళ్లివారి కార్లు. కదిలే సందు లేదు. కార్ల వాళ్లంతా దిగి డాన్సు చేస్తున్నారు. నా చెయ్యి దానంతటదే హారన్ మీదికి పోయింది. కరుణ నా మణికట్టు పట్టుకుంది, నాడి చూసేటప్పుడు పట్టుకునే పట్టు.

"మళ్లీ నొక్కారంటే చూడండి," అంది.

ఆ ఊరి గంటలు మోగాయి. కరుణ చేతి గడియారం చూసుకుంది.

"పన్నెండు," అంది. అంతే. తిట్టినా బాగుండేది. తన పని ఎప్పుడూ వాయిదా వేసుకునే మనిషి జీవితంలో ఒక్కటి అడిగితే, దాన్ని నేను చాయ్‌కి ఖర్చు చేశాను. నాకు నిజంగా సిగ్గేసింది.

అప్పుడు బల్విందర్ వచ్చాడు. అల్లం దంచి పెట్టిన చాయ్, రెండు కప్పులు, కారు కిటికీలోంచి లోపలికి అందించాడు. అంటే నా పద్ధతి ఇటలీలో కూడా పనిచేస్తుంది, కాస్త ఆలస్యమవుతుందంతే. ఈ మాట నేను పైకి అనలేదు. ఇప్పటికీ బతికున్నది అందుకే.

రోము చేరేసరికి మధ్యాహ్నం బాగా వాలిపోయింది. స్క్వేర్‌లో పనివాళ్లు కంచెలు మడతపెడుతున్నారు. కిటికీ మూసి ఉంది. కరుణ నడి స్క్వేర్‌లోకి పోయి తల వంచుకుని నిలబడింది. వంచిన తలలోంచి ఆ ముసలామె పోసిన బియ్యం గింజలు రాళ్ల మీద రాలాయి. నాలుగు పావురాలు వచ్చి ఆమె కాళ్ల దగ్గర వాటిని ఏరుకు తిన్నాయి. ఆమె కదల్లేదు. చాలాసేపు అలాగే నిలబడింది.

"తప్పయిపోయింది కరుణా," అన్నాను.

"కిటికీ మూశారుగానీ స్క్వేర్ మూయలేదుగా," అంది కళ్లు తుడుచుకుని. "నిలబడతానన్నా, నిలబడ్డా. ఆ ముసలామె మొహం చూస్తే దీవెన అక్కడే అందిందనిపించింది నాకు. మొక్కు సంగతి దేవుడూ నేనూ చూసుకుంటాం. మీ సంగతే ఇంకా తేలలేదు."

మర్నాడు విమానం ఎక్కేదాకా నాకు ఆవకాయ, రొట్టె. అలా కూడా తినవచ్చు, కానీ తినకండి.

అందువల్ల ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఈ భూమ్మీద ఏ దేశంలోనైనా, ఏ హోటలు ముందైనా, తల పగిలి రెండు చెక్కలైనా సరే, చాయ్ కోసం నేను హారన్ నొక్కను. ఇది రోము రాళ్ల మీద, పావురాల సాక్షిగా చేసిన ప్రతిజ్ఞ.

అబుదాబి వచ్చిన మర్నాడే దాన్ని అమల్లో పెట్టాను. కెఫెటేరియా ముందు కారు ఆపి, దిగి, నా కాళ్లతో నేను కౌంటర్ దాకా నడిచాను. హంజా భాయ్ కంగారుగా బయటికొచ్చాడు.

"క్యా హువా సార్, గాడీ ఖరాబ్?"

"లేదు భాయ్. ఇకనుంచి ఇలాగే వస్తాను."

ఆయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. ఇన్నేళ్లలో నన్ను నిలబడగా చూడటం అదే మొదలు.

"బైఠే హువే లంబా దిఖ్‌తే థే, సార్," అన్నాడు జాలిగా. కూర్చుంటే పొడుగ్గా కనిపించేవాణ్ణట.

జవాబు చెప్పేలోగా వెనకనుంచి పాం, పాం. తిరిగి చూస్తే, కరుణ పక్క సీట్లోంచి వంగి హారన్ మీద చెయ్యి పెట్టి ఉంది. అద్దం సరిగ్గా జానెడు దించింది.

"దో కరక్!" అంది నాతో. "యల్లా, తొందరగా!"

హంజా భాయ్ రెండు కప్పులూ నా చేతుల్లో పెట్టాడు. "జల్దీ జాయియే సార్," అన్నాడు, "మేడమ్ కా చాయ్ ఠండా హో జాయేగా."