రండి, భోంచేద్దాం

అన్నం వేళకి ఇంటి ముందు ఎవరు కనబడినా కాన్సోర్సియా "రండి, భోంచేద్దాం" అనేది. ఇలోయిలో ఊళ్ళో అదే మర్యాద. "ఇప్పుడే తిన్నాం" అని సాగిపోవడం అవతలివాళ్ళ మర్యాద. కాపురానికొచ్చిన నాటినుంచీ ఒక్కరూ లోపలికి రాలేదు గనక, ఆవిడది పెట్టే చెయ్యని పేటంతా చెప్పుకునేది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ముగ్గురు పోలీసులొచ్చారు. వారంటు లేదు. ఆవిడ అలవాటుకొద్దీ భోజనానికి రమ్మంది. సార్జెంటు సాల్వియో బూట్లతోనే లోపలికొచ్చి, అన్నం వంకైనా చూడకుండా బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి తుపాకీ తీశాడు. అది ఆవిడ మొగుడు లినోదే. పందెం కోళ్ళని దొంగలెత్తుకుపోతారన్న భయంతో లైసెన్సు లేకుండా కొన్నాడు. కోళ్ళు ఇంట్లోనే ఉన్నాయి, లినో జైలుకెళ్ళాడు.

తుపాకీ సాక్ష్యంగా నిలిస్తే అతనికి ఏళ్ళ తరబడి శిక్ష. నిలవకపోతే ఇంటికొస్తాడు. ఆవిడే లోపలికి పిలిచింది కాబట్టి సోదాకి ఒప్పుకున్నట్టేనని సార్జెంటు వాదన. లినో తరఫున వాదించడానికి సర్కారు పెట్టిన వకీలమ్మ, ఆ పిలుపు మాటవరసకేనని కోర్టులో చెప్పమంది. లినో బదులు తనని జైల్లో పెట్టినా సరే గానీ పేటవాళ్ళ ముందు ఆ మాట అనలేనంది కాన్సోర్సియా. పేటవాళ్ళు పని మానుకుని మరీ వచ్చి ముందు బెంచీల్లో కూర్చున్నారు.

ప్రాసిక్యూటరు లేచాడు.

"లోపలికి రమ్మన్నారా అమ్మా?"

"అన్నానండి."

"మనస్ఫూర్తిగానే పిలిచారు కదా?"

ఆవిడ బెంచీల వైపు చూసింది. తర్వాత చిక్కి సగమై, సంకెళ్ళతో నిలబడ్డ లినో వైపు చూసింది.

"లేదండి. ఇంట్లో ఉన్నదే ఒక్క ఎండుచేప. తిన్నామని చెప్పి పోతారనుకున్నా. ఎవర్ని పిలిచినా నాది అంతేనండి."

బెంచీల్లో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అందుకే ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

అన్నానికి పిలవడమంటే ఇల్లు వెతకమనడం కాదన్నాడు జడ్జి. ఎదుట యూనిఫారాలు నిలబడితే నోరు మెదపకపోవడం ఒప్పుకోవడం కాదన్నాడు. తుపాకీ సాక్ష్యంగా చెల్లదని కేసు కొట్టేశాడు. తుపాకీని మాత్రం సర్కారే ఉంచేసుకుంది. దాన్ని తిరిగిస్తారా అని లినో అడగబోయి, వకీలమ్మ చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

తిరుగు దారిలో జీపులో పక్కింటివాళ్ళు వానల గురించే మాట్లాడుకున్నారు. ఇంటికొచ్చాక కాన్సోర్సియా వీధి తలుపు వేసి, మొగుడికి అన్నం వడ్డించింది. లినో నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపాడు.

"ఏమే, మీ నాన్న వాకిట్లో మొదటిసారి నన్ను భోజనానికి రమ్మన్నావే. అదీ ఉత్తుత్తిదేనా?"

ఆవిడకి ఆ రోజు ఇక అబద్ధమాడే ఓపిక లేదు.

"ఉత్తుత్తిదే. నువ్వొచ్చి కూర్చున్నావు. లేపడానికి నాకు మనసు రాలేదు."